ఎనిమిదో గుడ్డు

నాకు ఓపిక తక్కువ. ఈ మాట మా అమ్మ మొదలుకొని నా దగ్గర డిగ్రీ చదివి వెళ్లిన పిల్లల దాకా అందరూ అంటారు. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఎంక్వయిరీ కిటికీ ముందు నిలబడి తగువు పెట్టుకునే రకం నేను. అలాంటిదాన్ని తాబేళ్ల మీద పరిశోధన చేస్తున్నానని తెలిసి మా కాలేజీ స్టాఫ్ రూములో వారం రోజులు నవ్వుకున్నారు. వాళ్లను అనడానికేమీ లేదు, నాకూ నవ్వొచ్చింది.

నిజానికి నేను మొదలుపెట్టింది కప్పలతో. నరసరావుపేటలో జువాలజీ పాఠాలు చెప్పుకుంటూ, నలభై దాటాక పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయించుకున్నాను. పల్నాడు పొలాల్లో కప్పలు ఎప్పుడు, ఎక్కడ గుడ్లు పెడతాయన్నది నా అంశం. క్రోసూరు దాటాక ఒక ఊరు, సాగర్ కాలువ నుంచి చీలి వచ్చే చిన్న మైనరు కాలువ, దాని పక్కన ఒక కుంట, చుట్టూ పత్తి, మిరప చేలు. ఆదివారం వస్తే అక్కడే ఉండేదాన్ని. కప్పలతో నాకు పేచీ రాలేదు. తొలకరి పడిన రెండు రోజులకే గుంటల్లో గుడ్లు, వారం తిరిగేసరికి తోకకప్పలు, నెల దాటితే వాటికి కాళ్లొచ్చి గట్టెక్కడం. నాలాంటి తొందరమనిషికి సరిగ్గా సరిపోయిన జీవులు.

కప్పల అధ్యాయాలు అయ్యాక మా గైడ్ గారు, అంటే నా పరిశోధన చూసే ప్రొఫెసరు గారు, ఒక మెలిక పెట్టారు. ఆ కుంటలోనే తాబేళ్లు ఉన్నాయి కదా, వాటి మీద కూడా ఒక అధ్యాయం ఉంటే తప్ప థీసిస్ నిలబడదన్నారు. ఒక్క గూడు చాలట. గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్ల బయటికి వచ్చే రోజు దాకా ఒక్క గూడును పూర్తిగా చూసి రాస్తే చాలట. ఒక్కటే కదా అనుకున్నాను.

మా వైపు చెరువుల్లో, కాలువల్లో ఉండే తాబేలది మెత్తటి డిప్ప. కదిలిస్తే కాళ్లు లోపలికి లాక్కుని, కింద తలుపులు వేసుకున్నట్టు మూసుకుంటుంది. ఎండాకాలం కుంట ఎండితే బురదలో దూరి పడుకుంటుంది. వానలు వెనకబట్టాక, స్వాతి కార్తె ప్రాంతంలో, అంటే అక్టోబరు చివర్లో, గట్టెక్కి జానెడు గుంట తీసి గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. ఆ గుడ్లు కొన్నాళ్లు లోలోపల నిద్రపోతాయనీ, మళ్లీ వానలు పడేదాకా ఆగుతాయనీ పుస్తకాల్లో చదివాను. కానీ అవన్నీ వేరే నేలల లెక్కలు. మన నల్లరేగడిలో, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకునే చోట, జానెడు మట్టి కింద గుడ్డు అన్ని నెలలు బతుకుతుందా అన్నది ఎవరూ చూసి రాయలేదు. రోహిణి కార్తెకి ఉడికిపోతాయని గైడ్ గారి నమ్మకం. బతుకుతాయని నా పంతం.

మొదటి ఏడాది దొరికిన గూటిని ముంగిస తవ్వి తినేసింది. రెండో ఏడాది గూటిని నేనే చంపుకున్నాను.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆ ఊళ్లో నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ గురించి చెప్పాలి. నా గూళ్లుండే కాలువ గట్టు ఆమె మిరప చేను అంచునే ఉంటుంది. అరవై అయిదు దాటిన మనిషి, రెండెకరాలు సొంతంగా చేసుకుంటుంది. ఊళ్లో ఎవరింట్లో కోడిని పొదగేసినా ఆమెను పిలుస్తారు. బుట్టలో ఊక పోసి, ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీసి, పక్కన ఒక ఇనప ముక్క, రెండు బొగ్గులు, ఎండు మిరపకాయలు పెడుతుంది. అవి లేకపోతే ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని ఆమె లెక్క. తర్వాత ఇరవై ఒక్క రోజులు. ఇరవై రెండో రోజుకు పిల్ల కాని గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంది. గలగలమంటే అవతల పారేస్తుంది.

ఆ రెండో ఏడాది గూడు గురించి ఊరంతా అదే లెక్క వేసింది. నెల కాగానే టీ కొట్టు దగ్గర అడగడం మొదలుపెట్టారు, “మేడమ్, పిల్లలు లేచినయ్యా?” అని. పెద్దమ్మ కూడా మురిగిపోయినట్టే అని తేల్చేసింది. మొదట నేను నవ్వాను. రెండో నెలకు నవ్వు తగ్గింది. నాలుగో నెలలో ఒక ఆదివారం నా వల్ల కాక తవ్వేశాను. చిన్న నిమ్మకాయంత గుండ్రటి తెల్ల గుడ్లు. ఒక్కోదాన్నీ అటూ ఇటూ తిప్పాను, ఫోను లైటుకు అడ్డం పెట్టి చూశాను, చివరికి చెవి దగ్గర పెట్టుకుని కోడిగుడ్డును ఊపినట్టు ఊపాను. గలగలమన్నాయి. నోటు పుస్తకంలో ‘మురిగినవి’ అని రాసి, రూఢి చేసుకుందామని ఒకటి పగలగొట్టాను. లోపల సన్నటి ఎర్ర దారం లాంటిది ఒకటి ఉంది. అది కొట్టుకుంటోంది.

మిగిలినవాటిని మళ్లీ మట్టిలో పెట్టాను కానీ, తాబేలు గుడ్డును ఒకసారి తిప్పి ఊపాక ఇక అది నిలవడం కష్టం. పది రోజులకు చీమలు పట్టాయి. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసీ ఊపాను. గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే పెద్దమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. ఓదారుస్తుందనుకున్నాను.

“నా లెక్క కోడికి. నువ్వు చదువుకున్నదానివి గదా, నా మాటెందుకిన్నావు?” అంది.

ఆ మాట నన్ను ఏడాది పొడుగునా పొడిచింది.

మూడో ఏడాదికి నాకిచ్చిన గడువు చివరికొచ్చింది. ఇక పొడిగించరని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ఈసారి గూడు లేకపోతే ఆ అధ్యాయం లేదు, అధ్యాయం లేకపోతే థీసిస్సే లేదు. అయిదేళ్ల ఆదివారాలు గంగలో కలిసినట్టే. వానలు వెనకబట్టినప్పటి నుంచి నా ధ్యాసంతా ఆ గట్టు మీదే.

స్వాతి కార్తెలో ఒక పొద్దున పెద్దమ్మ ఫోను చేసింది. తాబేలు గట్టెక్కిందనీ, వెనక కాళ్లతో గుంట తీస్తోందనీ, వెంటనే రమ్మనీ చెప్పింది. ప్రిన్సిపాల్ గారికి సగం మాటలో సెలవు చెప్పి పరిగెత్తాను. సత్తెనపల్లి దాకా బస్సు, అక్కణ్నుంచి మరో బస్సు, చివర ఆటో. నేను చేరేసరికి గట్టు మీద తడి మట్టి అదిమి నున్నగా చేసి ఉంది. తాబేలు లేదు.

పెద్దమ్మ మాత్రం మిరప సాలులో కూర్చుని ఉంది. మెడ నుంచి మోకాళ్ల దాకా చీర ముందుభాగమంతా బురద. ఏమైందని అడిగితే తాబేలు వెనకాల బోర్లా పడుకుని చూశానంది. “ఎనిమిది బెట్టింది. ఒక్కోటీ పడతంటే లెక్కేశా” అంది.

గైడ్ గారికి ఫోనులో చెప్పాను. ఆయన అడిగిందల్లా నేను లెక్కపెట్టానా అని. లేదన్నాను. అయితే మట్టి తీసి ఒకసారి లెక్కపెట్టి మళ్లీ కప్పెయ్యమన్నారు. అది మామూలు పద్ధతే, జాగ్రత్త తెలిసిన చేతులైతే ఏమీ కాదు. కానీ నా చేతుల సంగతి నాకు తెలుసు. తవ్వనన్నాను. కోళ్లు పెంచే ఆవిడ లెక్కను థీసిస్‌లో ఎలా రాస్తావని ఆయన విసుక్కున్నారు. నేనూ గొంతు పెంచాను. చివరికి ఆయన, పిల్లలు బయటికొచ్చాక సంఖ్య చూసుకుందాం, అప్పటిదాకా పెన్సిలుతో రాసుకో అన్నారు. గుడ్ల సంఖ్య గడిలో పెన్సిలుతో 8 వేశాను.

ఆ తర్వాత మొదలైంది నాకు అసలు పరీక్ష. గూడు చుట్టూ సర్కారు కంప నాటి కంచె వేశాను. నాలుగు మూలలా ఎర్ర ప్లాస్టిక్ జెండాలు పాతాను. ‘పరిశోధన స్థలం, తవ్వరాదు’ అని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఫ్లెక్సీ కొట్టించి కట్టాను. అటవీ శాఖ అనుమతి కాగితం నకలు ఒకటి నీళ్లు చూసుకుంటూ కాలువ మీద తిరిగే లస్కరు జేబులో పెట్టాను. ఇవన్నీ చేశాక చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. ఊరికే కూర్చోవడం నాకు రాదు.

నెల దాటగానే టీ కొట్టులో పాత ప్రశ్నే మొదలైంది. నా పేరు తాబేళ్ల మేడమ్‌గా స్థిరపడింది. పుష్యమాసం వెళ్లింది. మిరప కోతలొచ్చాయి, కళ్లాలన్నీ ఎర్రబడ్డాయి. కాలువకు నీళ్లు ఆపేశారు. ప్రతి ఆదివారం గూడు పక్కన కూర్చుని మట్టి వేడి కొలిచి రాసుకునేదాన్ని. నాలుగో నెల వచ్చేసరికి నాకు తెలియకుండానే నా వేళ్లు ఆ మట్టి మీదికి పోయేవి. పైపైన కొంచెం తీసి చూస్తే ఏం పోయింది అనిపించేది. పెద్దమ్మ కాయలు కోస్తూనే ఒక కన్ను నా మీద వేసి ఉంచేది. “చెయ్యి తియ్యి” అనేది. అంతే, అంతకు మించి ఒక్క మాట అనేది కాదు. నేను పుస్తకాలు చదివి నేర్చుకోలేనిదాన్ని ఆవిడ రెండు మాటలతో ప్రతి ఆదివారం చేయించింది.

మాఘం, ఫాల్గుణం పోయి ఎండలు ముదిరాయి. కుంట ఎండి నెర్రెలిచ్చింది. ఒక నెర్రె గూటికి మూరెడు దూరం దాకా వచ్చి ఆగింది. మిట్టమధ్యాహ్నం గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఉడికిపోతాయన్న గైడ్ గారి మాట చెవుల్లో మోగుతూ ఉండేది. నాకు నిజంగా భయం వేసింది. కానీ ఈసారి తవ్వలేదు.

రోహిణి కార్తె మొదట్లో గాలివాన వచ్చింది. వానకంటే ఉరుములే ఎక్కువ. మర్నాడు వెళ్లి చూస్తే నా కంప ఎగిరిపోయి ఎక్కడో పడింది, జెండాలు లేవు, ఫ్లెక్సీ చిరిగి తుమ్మచెట్టుకు వేలాడుతోంది. గూడు పక్కన మాత్రం ఒక పాత నాగలి కర్రు నిలువునా దిగి ఉంది. ఆ ఇనప కర్రుకు ఒక గుడ్డపేలిక, ఆ పేలికలో బొగ్గులు, ఎండు మిరపకాయలు. ఎవరి పనో అడగక్కర్లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. అంత ఇనుమును గుడ్ల పక్కన గుచ్చితే పగలవా అని పెద్దమ్మ ఇంటికెళ్లి ఆమె మీద విరుచుకుపడ్డాను. గాలివానలో తడుస్తూ వెళ్లి పాతినట్టుంది, ఇంకా జలుబుతో ముక్కు చీదుతోంది. అదీ చూసుకోలేదు నేను. నీ మూఢనమ్మకాలు నీ కోళ్ల దగ్గర పెట్టుకో అని కూడా అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, జానెడు అవతల దించానని మాత్రం చెప్పి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కర్రు పీకితే మట్టి కదులుతుందని దాన్ని అలాగే వదిలేశాను. పది రోజులు ఆమె ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు, మధ్యలో వచ్చిన ఆదివారం కూడా వెళ్లలేదు.

పదకొండో రోజు ఆదివారం. ఆటో దిగి గట్టు వైపు చూశాను. కాలువకు మళ్లీ నీళ్లు వదిలే లోపు గట్లు బాగుచేస్తున్నారు. నేను నిలబడిన చోటి నుంచి కనుచూపు మేర గట్టంతా జేసీబీ చెక్కేసి ఉంది. కొత్త మట్టి, పళ్ల గాట్లు. ఫ్లెక్సీ లేదు, జెండా లేదు, అక్కడ గూడు ఉందని చెప్పే ఆనవాలేదీ నేను మళ్లీ కట్టలేదు. కోపంలో ఆ పని పక్కన పెట్టాను. చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు వెంట పరిగెత్తాను.

రెండు గజాల పాత గట్టు, గడ్డితో సహా, మధ్యలో నిలబడి ఉంది. దాని మీద కర్రు, కర్రుకు పేలిక. అటూ ఇటూ అంతా చెక్కేసి ఉంది. ఆ రెండు గజాలు మాత్రం చెక్కుచెదరలేదు.

జేసీబీ డ్రైవరు కొంచెం అవతల బండి నీడలో కూర్చుని అన్నం తింటున్నాడు. తమ్ముడూ, దీన్ని ఎందుకు వదిలేశావని అడిగాను. అతను నరసరావుపేట మనిషే, పాతికేళ్లుంటాయి.

“ఎవరేం మొక్కుకున్నారో ఏందో మేడమ్. దాని మీద బకెట్టేస్తే నా బండి ఇంటికి పోద్దా? బోర్డులయితే దినానికి పది పీకుతాం” అన్నాడు.

అక్కడే కూలబడి నవ్వాను. నవ్వుతుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి. డ్రైవరు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నన్ను అనుమానంగా చూశాడు. రెండు భాషల్లో నేను రాయించిన బోర్డు ఉన్నా పీకేసేవాడే. ఆపింది బొగ్గూ మిరపకాయలే.

నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కోళ్లకు నూకలు చల్లుతోంది. నన్ను చూసి కూడా చల్లుతూనే ఉంది. తప్పయింది పెద్దమ్మా అన్నాను. జేసీబీ సంగతి చెప్పాను. ఆవిడ చేటను గోడకు ఆనించింది.

“తిట్టడం అయిపోయిందా? అయితే కూచో, మజ్జిగ తాగు” అంది.

మృగశిర ప్రవేశించిన నాలుగో రోజు సాయంత్రం నరసరావుపేటలో వాన మొదలైంది. పెద్దమ్మకు ఫోను చేస్తే అక్కడా కుండపోతేనంది. మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాను. మట్టి నాని, గూడు మీద చిన్న గుంట పడి ఉంది. ఇద్దరం చెరో పక్కన కూర్చున్నాం. ఎనిమిదింటికి మట్టి కదిలింది. మొదట ఒక ముక్కు. పంది ముక్కులా సన్నగా, చివర రెండు రంధ్రాలు. తర్వాత తల, ఒక కాలు, ఇంకో కాలు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద పిల్ల, ఒంటినిండా నల్ల మట్టితో, బయటపడి, ఒక్క నిమిషం ఆగి, వాన నీళ్లు నిలిచిన కుంట వైపు తిన్నగా నడక మొదలుపెట్టింది.

నేను కేక పెట్టాను. అలాంటి కేక నా పెళ్లిలో పెట్టలేదు, ఉద్యోగం వచ్చినప్పుడు పెట్టలేదు. పత్తి విత్తనాలు పెట్టడానికి పోతున్న ఆడవాళ్లంతా గట్టెక్కారు. లస్కరు సైకిలు పడేసి వచ్చాడు. గైడ్ గారికి వీడియో కాల్ చేసి ఫోను మట్టి మీదికి తిప్పాను. ఆయన అటు నుంచి, కదలకుండా పట్టుకోమ్మా, కదలకుండా అని అరుస్తున్నారు. ఉడికిపోతాయన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండు, మూడు, నాలుగు. ఒక్కోటీ బయటికి వస్తుంటే ఆడవాళ్లు గట్టిగా లెక్కపెట్టారు. మధ్యాహ్నానికి ఏడు వచ్చాయి.

తర్వాత ఏమీ రాలేదు. సాయంత్రం దాకా కూర్చున్నాం. గైడ్ గారు మళ్లీ ఫోను చేసి, ఏడు చాలా గొప్ప ఫలితమమ్మా, ఇక ఏడు అని పెన్నుతో రాసెయ్యి, పెద్దావిడ ఒకటి ఎక్కువ లెక్కపెట్టి ఉంటుంది అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ నేను ఎనిమిది సార్ అన్నాను. లోపల చూశావా అన్నారు. లేదన్నాను.

ఫోను పెట్టేశాక పెద్దమ్మ నా వైపు తిరిగింది. ఆమె మొహంలో మొదటిసారి అనుమానం చూశాను. తన లెక్క మీద తనకే.

“తవ్వి చూస్తావా?” అంది.

తవ్వితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పనంతా అయిపోయింది, అధ్యాయం గట్టెక్కింది, ఇక పోయేదేమీ లేదు. అయినా చేతులు వెనక్కి కట్టుకున్నాను. వద్దు పెద్దమ్మా, నువ్వు ఎనిమిదన్నావు, ఎనిమిదే అన్నాను. పిల్లలు తోసిన మట్టిని ఆవిడే అరచేత్తో మెల్లగా మళ్లీ సర్దింది. ఆ రాత్రికే నేను నరసరావుపేటకు తిరిగొచ్చాను, మర్నాడు కాలేజీ ఉంది.

నాలుగో రోజు రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెబుతున్నాను. క్లాసులో ఫోను మోగితే బయటికి పంపేస్తానని రోజూ బెదిరించేది నేనే. ఆ రోజు మోగింది నా ఫోనే. పెద్దమ్మ పేరు చూసి పిల్లల ముందే ఎత్తాను.

“వచ్చిందే అమ్మాయ్. ఎనిమిదోది. కుంటలోకి దిగిందాకా ఎంటబడి పోయా” అంది. నన్ను ఎప్పుడూ అమ్మాయ్ అని చనువుగా పిలవని మనిషి, ఆ రోజు పిలిచింది.

సుద్ద ముక్క బల్ల మీద పడేసి పిల్లలకు అంతా చెప్పాను, గుడ్డు ఊపిన సంగతితో సహా. వాళ్లు బల్లలు చరిచారు. పక్క క్లాసు లెక్చరరు గొడవేమిటని వచ్చి, తనూ నిలబడి విన్నాడు.

మధ్యాహ్నం గైడ్ గారికి చెప్పాను. నువ్వు చూశావా అని మళ్లీ అదే అడిగారు. నేను చూడలేదు సార్, లెక్కపెట్టిన ఆవిడే చూసిందన్నాను. ఆయన, “అయితే పరిశీలకుల గడిలో ఆవిడ పేరు కూడా ఉండాలి కదమ్మా” అన్నారు.

ఆదివారం ఆ కాగితం పట్టుకుని వెళ్లాను. అయిదేళ్లుగా ఆ గడిలో నా పేరు ఒక్కటే ఉంది. పెద్దమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని, కొంగుతో చేతులు తుడుచుకుని, రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో తన పేరు ఇంటిపేరుతో సహా రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు. అయ్యాక పెన్ను తిరిగి ఇవ్వబోతే ఇంకొకటి మిగిలిందన్నాను. పైన గడిలో పెన్సిలుతో వేసిన 8 చూపించాను. ఆవిడ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని, దాని మీద పెన్నుతో గట్టిగా దిద్దింది.